చొక్కా చేతి మీద అచ్చయిన మాటల గురించి

ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సేవల నమోదు అధికారి గారి సముఖమునకు ఒక కటింగ్ మాస్టరు వ్రాసుకొను అర్జీ.

అయ్యా, (లేదా అమ్మా. తమ ఆఫీసు బోర్డు మీద పేరు చెరిగిపోయి ఉన్నందున ఎవరో తెలియరాలేదు.)

విషయం: తలుపు వేసి ఉన్నదని నమ్మిన గదిలో నేను చెప్పుకున్న మాటలు చొక్కా చేతిగా కత్తిరించబడి నా బల్ల మీదికే వచ్చుట – విచారణ కోరుట – ఒక ధ్రువపత్రము ఇప్పించుట గురించి.

సూచిక: లేదు. ఇంతకు ముందు ఏ అధికారికీ ఏమీ వ్రాసుకొని ఎరుగను.

పై విషయమునకు సంబంధించి తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను నలుబది ఒక్క సంవత్సరముల వయస్సు గలవాడను. మా అక్కతో కలిసి కుట్టు షాపు నడుపుచున్నాను. కటింగ్ నాది, కుట్టు ఆమెది. షాపు అనగా ఒకటే గది. మధ్యలో కటింగ్ బల్ల, గోడవారగా రెండు మిషన్లు, మూలన తెర కట్టిన ట్రయల్ రూము, అందులో ఒక స్టూలు, ఒక నిలువుటద్దం. అమ్మా నాన్నా పోయిన తరువాత నన్ను పెంచి పెద్దచేసి, చేతికి కత్తెర ఇచ్చింది మా అక్కే. ఈ సంగతి మొట్టమొదటనే ఎందుకు వ్రాయుచున్నానంటే, ముందు ముందు వ్రాయబోయేది చదివి తమరు ఆమెను వేరే విధంగా అనుకోగలరు. అనుకోండి, నేనూ అనుకుంటున్నాను. అయినా ఇది కూడా నిజమే.

2. నేను మగవారిని ఇష్టపడే మగవాడిని. ఈ వాక్యమును ఆఫీసు భాషలో ఎట్లు వ్రాయాలో తెలియక మూడు కాగితాలు చింపి, చివరికి ఉన్నది ఉన్నట్లు వ్రాసితిని.

3. మా షాపునకు గుండీలు సరఫరా చేయు షాపు యజమాని ఒకరు కలరు. ఆయన పేరు గానీ, షాపు ఉన్న వీధి గానీ ఇందులో వ్రాయను. ఒకసారి చెప్పి చూశాను, ఏమైందో కింద తెలియగలదు. కావున ఇకపై 'ఆయన' అని మాత్రమే వ్రాయబడును. 'ఆయన' అన్న మాట చూసి ఎవరికైనా ఏదైనా తోస్తే తోచనివ్వండి.

4. గత సంవత్సరం నుంచి నాకు చేతులు వణుకుట మొదలైనది. కత్తెర పట్టుకొని బట్ట ముందు నిలబడితే గుండె దడదడలాడి, ఊపిరి అందక, సుద్దగీత రెండుగా కనబడేది. రెండు కోట్లు పాడుచేసితిని. మా అక్క కనిపెట్టింది. ఒక మధ్యాహ్నం షాపు తలుపు దగ్గరగా వేసి, నా ఎదురుగా బల్ల మీద కూర్చొని అడిగింది.

"ఏంట్రా? ఒంట్లో బాలేదా? ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

నేను చెప్పేశాను. నలుబది సంవత్సరములు కడుపులో పెట్టుకున్నది నాలుగు మాటల్లో అయిపోయింది. ఆమె నన్ను తిట్టలేదు, ఏడవలేదు. టేపు మెడలోంచి తీసి, చుట్టి, డబ్బాలో పెట్టి, "సరేరా. ముందు మొహం కడుక్కో" అన్నది. ఆ 'సరే' అన్న మాటను నేను మూడు నెలలు దాచుకున్నాను. అది దేనికి సరే అన్నదో అడగకపోవడం నా పొరపాటుగా ఒప్పుకొనుచున్నాను.

5. తరువాత వారం ఆమే తన ఫోన్ తెచ్చి చూపించింది. "చూడరా, వీళ్ళు నీలాంటి వాళ్ళ కోసమేనట. ఇంట్లో కూర్చునే మాట్లాడుకోవచ్చు. ఎవరికీ తెలీదు" అన్నది. ఆ పేజీ మీద ఇంద్రధనుస్సు బొమ్మ ఉన్నది. దాని కింద 'ఎల్‌జీబీటీ వారికి అండగా, గోప్యంగా, మీరు ఎలా ఉంటే అలాగే' అని వ్రాసి ఉన్నది. అయ్యా, ఆ ఆఖరి మాట చదివి నేను ట్రయల్ రూములోకి వెళ్ళి తెర వేసుకొని కాసేపు కూర్చున్నాను. నాలాంటివాడి కోసం ఎవరో కూర్చొని, ఆలోచించి, ఒక వాక్యం వ్రాశారన్నదే నాకు కొత్త.

6. దరఖాస్తు ఫారము మా అక్కే నింపినది. నేను అప్పుడు ఒక పెళ్ళికొడుకు కోటుకు చంక గుండ్రం గీస్తున్నాను. "ఇక్కడ వేలితో సంతకం గీయి" అంటే, డెలివరీ చీటీ మీద పెట్టినట్టే చూడకుండా గీశాను. ఆ ఫారములో 'సంరక్షకులు' అని ఒక గడి కలదు. అందులో మా అక్క తన పేరు, తన నంబరు వ్రాసినది. నలుబది ఒక్క సంవత్సరముల వయస్సు గల, జుట్టు నెరిసిన, ఊళ్ళో సగంమంది నడుము కొలతలు కంఠతా వచ్చిన నాకు సంరక్షకురాలు కలదని ఆ రోజు నాకు తెలియదు.

7. ప్రతి గురువారం మధ్యాహ్నం షాపునకు అరపూట సెలవు. ఆ వేళకు నేను ట్రయల్ రూములో స్టూలు మీద కూర్చొని, ఫోన్‌ను అద్దానికి ఆనించి, కౌన్సెలర్ గారితో లోగొంతుకతో మాట్లాడేవాడిని. మెత్తటి గొంతు, తొందర లేని మనిషి. మొదటి రోజు అన్నారు: "ఇక్కడి మాట ఇక్కడే ఉంటుందండీ. మీరు నిశ్చింతగా చెప్పండి." నేను మాట్లాడుతున్నంతసేపు మా అక్క మిషను ఆపేసేది. నాకు చప్పుడు అడ్డం రాకూడదని ఆపుతోంది అనుకొని, ఎంత మంచిదిరా మా అక్క అనుకునేవాడిని. ఇప్పుడు ఏ మిషను ఆగినా నాకు ఒళ్ళు మండుతుంది.

8. మూడు వారాలు బాగానే జరిగినది. చేతుల వణుకు తగ్గినది కూడా. అది దాచను, ఎందుకంటే అదే నన్ను మోసం చేసింది. నాలుగో గురువారం నేను ఆయన గురించి చెప్పాను. ఆయన తన బతుకులో ఒక్కసారే, ఒక్కరికే, అంటే నాకే చెప్పుకున్న సంగతి ఒకటి ఉన్నది. అది చాలా బరువైనది. విన్న నాటి నుండి నేను ఒక్కణ్ణే మోయలేక సతమతమయ్యాను. దాని వల్లనే చేతులు వణికాయేమో కూడా. మనసులోది చెప్పుకోవడానికనే పెట్టిన చోటు కదా, గోప్యమని వ్రాసి ఉన్న చోటు కదా అని నోరు విప్పాను. ఆ సంగతి ఏమిటో ఈ అర్జీలో లేదు. ఉండదు. విచారణలో అడిగినా చెప్పను.

9. అయిదో వారం నుంచి కౌన్సెలర్ గారి మాట తీరు మారినది. "కొన్నాళ్ళు గుండీల షాపుకు వెళ్ళకుండా ఉండి చూడండి, మనసు తేలికపడుతుందేమో" అన్నారు. "రోజుకు ఒక స్త్రీలో నచ్చిన గుణం ఒకటి రాసి పెట్టండి" అన్నారు. నేను అమాయకంగా మా అక్క గుణాలే వ్రాస్తూ పోయాను. ఓర్పు, చేతి పనితనం, నమ్మకం. ఇంద్రధనుస్సు బొమ్మ పెట్టుకున్న మనిషి చెప్తున్నారంటే నా మంచికేనని, గుండీలు ఫోన్ మీద తెప్పించడం మొదలుపెట్టాను. ఆయన అడిగారు, "ఏం, ఇటు కాలు పెట్టడం లేదే?" అని. "పని ఎక్కువ" అన్నాను.

ఇంకొకటి. మా అక్క కొత్త మాటలు మాట్లాడసాగినది. దారం తెగితే విసుక్కునే మనిషి, "తొందరపడకురా, ఊపిరి లెక్కపెట్టు" అనేది. ఆ మాట కౌన్సెలర్ గారిది. మంచి మాట గాలిలో పాకుతుంది కాబోలు అనుకున్నాను గానీ, నాకు అనుమానం రాలేదు. అనుమానం రావడానికి ఆమె పరాయిదా, మా అక్క.

10. ఇక అసలు సంగతి. మా అక్కకు ఫోన్‌లో చిన్న అక్షరాలు కనబడవు. ఏదైనా చదవాలంటే పక్క జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుంటుంది. అలాగే, ఏ కాగితాన్నీ పారెయ్యదు. ఒకవైపు తెల్లగా ఉంటే చాలు, నాలుగు కాగితాలు పక్కపక్కన అంటించి, కొలతలు గీసి, చొక్కాకు పేపర్ కటింగ్ తయారుచేస్తుంది. పేపర్ కటింగ్ అనగా బట్ట మీద పెట్టి చుట్టూ సుద్దగీత గీసుకొనే కాగితపు నమూనా. ఈ పని ఆమెకు అమ్మ నుంచి వచ్చింది. చెయ్యి దానంతట అదే చేసుకుపోతుంది, కళ్ళతో పని ఉండదు.

పోయిన నెల పన్నెండు చారల చొక్కాల ఆర్డరు వచ్చినది. చారల బట్టను మడత మీద కత్తిరిస్తే చారలు కలవవు. విడిగా పరిచి, కుడిచెయ్యి ముక్క కత్తిరించి, పేపర్ కటింగ్‌ను తిరగేసి ఎడమచెయ్యి ముక్క కత్తిరించాలి. కుడిచేతులు పన్నెండూ కత్తిరించాను. చేతిలో వణుకు లేదు, మంచి హుషారుగా ఉన్నాను. ఈల కూడా వేశాను. తరువాత కాగితం తిరగేశాను.

'క్లయింటు తెలిపిన ప్రకారం, జీవితంలో సంతోషంగా ఉన్నది గుండీల షాపులో గుండీలు ఏరుకునే పావుగంట మాత్రమే' అని ఉన్నది.

అయ్యా, ఎవరో నాలాంటివాడు ఇంకొకడు ఉన్నాడే, పాపం అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. రెండో వాక్యం చదివితే గానీ అది నేనేనని తెలియలేదు.

11. సదరు చేతి ముక్కలో మొత్తం నాలుగు కాగితాలు కలవు. అన్నిటి మీదా 'సంరక్షకులకు వారపు నివేదిక' అని ఉన్నది. నేను చెప్పినవన్నీ ఉన్నాయి. 'గుండీల షాపునకు రాకపోకలు తగ్గినవి, పురోగతి సంతృప్తికరం' అని ఉన్నది. మూడో కాగితంలో ఆయన సంగతి ఉన్నది. నాలుగో కాగితం మీద తేదీ చూస్తే, నేను మొదటిసారి మాట్లాడిన గురువారానికి రెండు రోజుల ముందుది. అందులో ఇట్లు ఉన్నది: 'సంరక్షకురాలితో ప్రాథమిక సంభాషణ. లక్ష్యం: తమ్ముడిని మామూలు మనిషిని చేయుట. అంచనా: పన్నెండు వారములు.'

నేను నోరు విప్పకముందే నా సంగతి తేల్చేశారు. 'ఇక్కడి మాట ఇక్కడే' అన్న రోజుకే కౌన్సెలర్ గారికి ఇదంతా తెలుసు. మీరు ఎలా ఉంటే అలాగే అన్న బొమ్మ కింద నన్ను కూర్చోబెట్టి, ఎలా ఉండకూడదో లెక్కగట్టుకున్నారు. తిట్టి మార్చాలనుకున్నవాళ్ళను నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, వాళ్ళ ముందు నోరు మూసుకోవడం నాకు వచ్చు. అండగా ఉంటామన్నవాళ్ళ ముందు ఎలా నోరు మూసుకోవాలో ఎవరూ నేర్పలేదు.

12. మా అక్కకు ఆ ముక్క చూపించాను. జరిగిన సంభాషణ యథాతథముగా:

"ఏంటక్కా ఇది?"

"చెయ్యి. చారల చొక్కాది."

"ఇటు వైపు చూడు."

చూసింది. మిషను చక్రం మీద చెయ్యి ఆగిపోయింది.

"అయ్యో, చిత్తుకాగితాల్లో కలిసిపోయినట్టుందిరా. చూసుకోలేదు."

"అంతేనా? చూసుకోకుండా కత్తిరించినందుకేనా నీ అయ్యో?"

"మరి? నా తమ్ముడి బాధ నేను చదవకపోతే ఎవరు చదువుతారు?"

"ఆయన సంగతి కూడా చదివావు."

"చదివాను. అందుకే వెళ్ళి మాట్లాడాను."

ఆ మాట వినే వరకు ఆమె ఆయన షాపునకు వెళ్ళినట్టు నాకు తెలియదు. అప్పటికి నాలుగు రోజులైనది. కౌంటరు ముందు నిలబడి, గుండీలు కొనడానికి వచ్చిన ఇద్దరు వింటుండగా, ఆయన బతుకులోని ఆ ఒక్క సంగతిని ఎత్తి, "ఇదంతా మా తమ్ముడే చెప్పాడు. ఇకమీదట వాడి జోలికి రాకండి" అని చెప్పి వచ్చిందట.

"నిన్ను పెంచిందాన్నిరా. నాకు భయమేసింది" అన్నది.

"నాకు చెప్పొచ్చుగా, భయమేసిందని."

ఆమె మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఈనాటికి పదిహేడు రోజులు, మా మధ్య మాటలు లేవు. ఆమె మిషనుకూ నా బల్లకూ మధ్య ఆరడుగులు. కొలతలు బట్ట మీద సుద్దతో వ్రాసి తోస్తాను, ఆమె కుట్టి తోస్తుంది. షాపు మాత్రం చక్కగా నడుస్తున్నది.

13. నేను ఆయన దగ్గరకు పరుగెత్తాను. ఆయన గుండీల డబ్బాలు సర్దుతూ నా వైపు చూడలేదు.

"నువ్వు చెప్పావా, లేదా?" అన్నారు. అంతే అడిగారు.

చెప్పలేదనడానికి లేదు. చెప్పాను. కానీ మా అక్కకు చెప్పలేదు. "చెప్పాను గానీ…" అన్నాను. ఆ 'గానీ' తరువాతది ఆయన వినలేదు. "చాలు. ఇక వెళ్ళు" అని షట్టరు సగం దించారు. అప్పటి నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు. మా షాపునకు గుండీలు మానేశారు.

14. సదరు కౌన్సెలింగ్ సంస్థ వారికి ఫోన్ చేసి అడిగితిని. సంతకం నాదేననీ, ఫారములో సంరక్షకులు ఉన్నందున నివేదిక పంపుట నిబంధన అనీ చెప్పిరి. ఫిర్యాదు చేయదలచిన యెడల "మీ సంరక్షకురాలి ద్వారా పంపించండి" అని సెలవిచ్చిరి. అదే ఫోన్ పెట్టేసిన వెంటనే, మా సేవకు మీరు ఎన్ని నక్షత్రములు ఇస్తారు అని సందేశము వచ్చినది.

15. ఇంకొక చోట కూడా ప్రయత్నించితిని. ఈసారి ఫారము నేనే నింపుకున్నాను. కళ్ళద్దాలు పెట్టుకొని, ప్రతి గడీ రెండుసార్లు చదివి. సంరక్షకుల గడి లేదు. ఒక ఆవిడ ఫోన్‌లోకి వచ్చి, నమస్కారం కూడా పూర్తికాకముందే, "మీరున్న గదిలో ఇంకెవరన్నా ఉన్నారా? తలుపు వేసుకోవడానికి వీలుందా?" అని అడిగారు. ఇన్నాళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడ. నేను వెనక్కి తిరిగి చూస్తే అక్కడ ఉన్నది తలుపు కాదు, తెర. నాకు ఏడుపొచ్చి ఫోన్ పెట్టేశాను. ఆవిడ మంచివారే అయి ఉండవచ్చు. మంచివారిని గుర్తుపట్టే శక్తిని నా దగ్గర నుంచి ఎవరో తీసుకుపోయారు, అదే నా ఫిర్యాదులో అన్నిటికన్నా పెద్దది. ఏ చట్టం కిందికి వస్తుందో తమరే చూడగలరు.

కావున తమరు దయయుంచి:

(అ) సదరు సంస్థ వారు ఆ బొమ్మను, 'మీరు ఎలా ఉంటే అలాగే' అన్న మాటను తక్షణం తొలగించునట్లు ఆదేశించగలరు. ఆ బొమ్మను నమ్మి ఇంకెవరో ఈ పాటికి ఏ తెర వెనకాలో కూర్చొని నోరు విప్పుతూ ఉంటారు.

(ఆ) నిజంగా అండగా ఉండేవారెవరో విచారించి, వారి జాబితాను తమ ఆఫీసు తలుపు మీద అతికించగలరు. పైన చెప్పిన ఆవిడ అందులో ఉంటే నేను మళ్ళీ ఫోన్ చేస్తాను.

(ఇ) అన్నిటికంటె ముఖ్యముగా, ఈ కింది విధముగా ఒక ధ్రువపత్రము ఇప్పించగలరు: 'అర్జీదారు సదరు సంగతిని చెప్పిన మాట వాస్తవమే. అయితే, తలుపు వేసి ఉన్నదని నమ్మి చెప్పెను. తలుపు తెరిచినది అతడు కాదు.'

మిగిలినవి కుదరకపోయినా (ఇ) మాత్రం కావలెను. ఆయన నా మాట వినరు, ఆఫీసు కాగితమైతే చదువుతారు.

ఇందుకు ఆధారముగా చారల చొక్కా ఎడమచెయ్యి నమూనా ఒకటి జతపరచడమైనది. ఇది అసలు ప్రతి. చంక గుండ్రం దగ్గర కొన్ని వాక్యాలు సగానికి తెగి ఉన్నవి. మిగిలిన సగం కోసం ముక్కల సంచి అంతా వెతికాను, దొరకలేదు. మోచేతి దగ్గర నలుపలకగా ఒక రంధ్రము కనబడగలదు. అది మా అక్క చేసినది కాదు, నేను కత్తిరించినది. ఆయన సంగతి ఆ నాలుగు వరసల్లో ఉన్నది. సాక్ష్యము పాడుచేసినాడని అర్జీ కొట్టివేయదలిస్తే కొట్టివేయండి. ఆ ముక్కను కాల్చేశాను.

పై సంగతులన్నియు తమరు సావధానముగా చిత్తగించవలెనని, చిత్తగించిన పిమ్మట ఎవరికీ చదివి వినిపించవద్దని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
కటింగ్ మాస్టరు
(పేరు, చిరునామా విడిగా కవరులో పెట్టి, అంటించి, అంటించిన చోట కుట్టు కూడా వేయడమైనది.)

తాజా కలం: జవాబు షాపు చిరునామాకు పంపవద్దు. మా అక్క నా ఉత్తరాలు విప్పుతుంది. నేనే ప్రతి గురువారం మధ్యాహ్నం వచ్చి తమ ఆఫీసు బల్ల మీద కూర్చుంటాను. ఆ పూట నాకు ఇప్పుడు వేరే పని లేదు.

ధ్రువపత్రము రెండు ప్రతులు వేరువేరు కవర్లలో ఇవ్వగలరు. రెండో కవరు మీద పేరు వ్రాయవద్దు. నేను వ్రాసుకొని, ఆయన షట్టరు కింద నుంచి లోపలికి తోస్తాను.

ఇంకొక చిన్న మనవి. తమ చేతనైతేనే. ఆయన కోసం నేనొక ముదురు నీలం కోటు కుట్టాను. దానికి గుండీలు ఆయనే ఏరారు. నాలుగు ఇచ్చి, "అయిదోది కోటు తయారయ్యాక నేనే తెస్తాలే. ఆ వంకన నువ్వు నన్ను పిలవాలి కదా" అన్నారు. కోటు తయారై నెలన్నర అయింది. పిలవాల్సిన గురువారం నేను ట్రయల్ రూములో కూర్చొని, ఆయన షాపునకు వెళ్ళకుండా ఉండడం ఎలాగో నేర్చుకుంటున్నాను. కాబట్టి ధ్రువపత్రము అడుగున, జాగా ఉంటే, తమ భాషలోనే ఒక్క వాక్యం చేర్చగలరు: 'సదరు కోటు ఇంతవరకు వేరెవరికీ ఇవ్వబడలేదనియు, అయిదవ కాజా ఖాళీగానే ఉన్నదనియు తెలియజేయడమైనది.'

దాని మీద గుండ్రటి సీలు బాగా పడేట్టు చూడండి.